మార్కెట్ డల్లా, నువ్వు డల్లా?

ఆ రోజు సోమవారం. ముందు రోజు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. గచ్చిబౌలి ఆఫీసులో కూర్చున్నానే కానీ తల బరువుగా, ఒళ్లు బద్ధకంగా ఉంది. టీమ్ చాట్‌లో ఒక్క ముక్క టైప్ చేశాను: ‘ఐ యామ్ ఎ బిట్ డల్ టుడే’.

అంటే ఏంటి? ఇవాళ నా మూడ్ బాలేదు, మీటింగ్‌లో ఎక్కువ మాట్లాడకపోతే ఏమీ అనుకోవద్దు అని. టీమ్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ వెంటనే అర్థమైంది. ఒకడు టీ కప్పు బొమ్మ పెట్టాడు. ఇంకొకామె ‘లంచ్‌కి బయటికి వెళ్దామా?’ అని అడిగింది.

రెండు గంటల తర్వాత లండన్‌లో ఉండే మా టీమ్ లీడ్ దగ్గర్నుంచి విడిగా మెసేజ్ వచ్చింది. పెద్ద మెసేజ్. నువ్వు డల్ ఏమీ కాదు, నీ పని మాకు చాలా ముఖ్యం, నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు, నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా, అంటే నాకు చెప్పు... ఇలా ఉంది.

మొదట నాకేం అర్థం కాలేదు. అర్థమయ్యాక కడుపు పట్టుకుని నవ్వాను. పాపం, నేను ‘ఇవాళ కొంచెం మొద్దుని’ అని రాశాననుకున్నాడు! స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టాను. ‘ఇంగ్లిష్ వాళ్లకి ఇంగ్లిష్ రాదు’ అని అందరం జోకులేసుకున్నాం.

కానీ నిజానికి ఆ ఇంగ్లిష్ రానిది మనకే. అది కూడా తప్పు మాట. మనం వాడే ‘డల్’ ఇప్పుడు ఇంగ్లిష్ కాదు, తెలుగు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక డిక్షనరీ, మా ఊరి మార్కెట్, మా బాపు ముగ్గురూ కావాల్సి వచ్చింది.

*మనకో ‘డల్’, వాళ్లకో ‘డల్’*

మనం రోజుకి ఎన్నిసార్లు ఈ మాట వాడతామో ఒకసారి గమనించండి. ఫ్యాన్ డల్‌గా తిరుగుతోంది. లైట్ డల్‌గా వెలుగుతోంది. చీర రంగు డల్. సినిమా ఫస్ట్ హాఫ్ డల్. లెక్కల్లో వీడు కొంచెం డల్. బిజినెస్ డల్. ఏంటి, ఇవాళ మొహం డల్‌గా ఉంది? బడికి పోని మా అమ్మమ్మ కూడా ‘పిల్ల డల్లయింది’ అనేది. అది పరాయి మాట అని ఆమెకి తెలియనే తెలియదు.

ఇంగ్లిష్ వాళ్లు కూడా వెలుగుకి, రంగుకి, వ్యాపారానికి, కత్తికి, నొప్పికి ఈ మాట వాడతారు. కానీ మనిషికి వాడితే మాత్రం అర్థం మారిపోతుంది. ఒక మనిషి డల్ అంటే బోర్ కొట్టే మనిషి, లేదా బుర్ర తక్కువ మనిషి. అది తిట్టు. ‘నువ్వు ఇవాళ డల్‌గా ఉన్నావ్’ అని లండన్‌లో ఎవరితోనైనా అంటే ఓదార్చినట్టు ఉండదు, ముఖం మీదే విసుగు చూపించినట్టు ఉంటుంది. మనం చెప్పాలనుకున్నది చెప్పడానికి వాళ్లకి ‘లో’, ‘డౌన్’ లాంటి మాటలు వేరే ఉన్నాయి.

మరి మన దగ్గర ఆ తిట్టు ఎక్కడికి పోయింది? నాకు తోచిన జవాబు ఒక్కటే: ‘గా’. మనం ‘వాడు డల్’ అన్నప్పుడు అది తిట్టే. ‘డల్ స్టూడెంట్’ అని టీచర్ అంటే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ ‘వాడు డల్‌గా ఉన్నాడు’ అనగానే సంగతి మారిపోతుంది. ‘గా’ చేరగానే అది మనిషి గుణం కాకుండా పోయి, ఇవాళ్టి వాతావరణం అవుతుంది. ఇవాళ మబ్బు పట్టింది, రేపు పోతుంది. ఒక్క అక్షరంతో మనం ఒక తిట్టుని పలకరింపుగా మార్చుకున్నాం.

ఇంకో విచిత్రం ఉంది. డల్ అనే ఒక్క మాట చేసే పనులన్నీ తెలుగులో వేరువేరు మాటలు చేస్తాయి. కత్తికీ, బుర్రకీ అయితే మొద్దు. వ్యాపారానికైతే మందకొడి. రంగుకైతే వెలిసిపోవడం. మొహానికైతే వాడిపోవడం, చిన్నబోవడం. మనసుకైతే దిగులు, దిగాలు. ఇన్ని మంచి మాటలుండగా ఒక్క ‘డల్’ వచ్చి అందరి కుర్చీల్లోనూ కూర్చుంది. అది సుఖమే. ఏ రకం బాధో తేల్చి చెప్పాల్సిన పని లేదు. ఆ సుఖంలోనే ఒక చిక్కు ఉందని తర్వాత తెలిసింది.

*మూలంలో ఉన్నది పిచ్చి*

ఆ రోజు పని ఎలాగూ సాగలేదు కాబట్టి ఈ మాట పుట్టుక వెతుకుతూ కూర్చున్నాను. పాత ఇంగ్లిష్‌లో ‘డోల్’ అని ఒక మాట ఉండేది. అర్థం: తెలివిలేని, వెర్రి. డల్ అందులోంచో, దానికి చుట్టమైన పాత జర్మన్ వైపు మాటలోంచో వచ్చింది. 13వ శతాబ్దం నాటికే ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. నేను ముందు కత్తికి పుట్టిన మాట తర్వాత మనిషికి అంటిందనుకున్నాను. కాదు. ముందు మనిషి బుద్ధికి పుట్టింది, తర్వాత కత్తి అంచుకి, ఆ తర్వాత రంగుకి, విసుగుకి పాకింది.

దీనికి జర్మనీలో ఒక తోబుట్టువు ఉంది. దాని పేరు ‘టోల్’. ఒకప్పుడు దాని అర్థం పిచ్చి పట్టిన అని. కుక్క కాటుతో వచ్చే రేబిస్‌ని వాళ్లు ఇప్పటికీ ‘టోల్‌వుట్’ అంటారు. కానీ మామూలు మాటల్లో ఇప్పుడు ‘టోల్’ అంటే భలే, అదిరింది! మనవాళ్లు సినిమా బాగుంటే ‘పిచ్చెక్కించాడు’ అన్నట్టే. ఒకే ఇంటి నుంచి బయల్దేరిన రెండు మాటల్లో ఒకటి ‘అదిరింది’ దగ్గరికీ, ఇంకొకటి ‘చప్పగా ఉంది’ దగ్గరికీ చేరాయి.

డల్‌కి అర్థం రాసినవాళ్లలో నాకు బాగా నచ్చిన మనిషి శామ్యూల్ జాన్సన్. 1755లో లండన్‌లో ఆయన అచ్చు వేసిన ఇంగ్లిష్ నిఘంటువు చాలా పేరున్నది. దాదాపు 42 వేల మాటలు. డల్ అనే మాటకి ఒక చోట ఉల్లాసం కలిగించనిది అని అర్థం చెప్పి, ఉదాహరణగా నిఘంటువులు రాసే పనినే చూపించాడు. తన పని మీద తనే వేసుకున్న జోక్. ప్రొడక్షన్‌లో బగ్ వెతుకుతూ నేను కామెంట్లలో రాసుకునే జోకుల్లాంటిది. చదివి నవ్వుకున్నాను. ఆయన గురించి ఇంకొంచెం చదివితే నవ్వు ఆగిపోయింది. జాన్సన్ జీవితమంతా తీవ్రమైన దిగులుతో బాధపడ్డాడు. అది తనని మింగేస్తుందేమోనని భయపడుతూ బతికాడు. జోక్ వేసిన మనిషి అంత బాధలో ఉన్నాడని ఆ నిఘంటువులోని ఆ ఒక్క వరుస చదివితే ఎవరికీ తెలియదు.

సాయంత్రం మా లీడ్‌కి విషయం వివరించి చెప్పాను. మా తెలుగులో డల్ అంటే ఇదీ అని. ఆయన కూడా నవ్వి, స్కాట్లాండ్‌లో ‘డల్’ అనే ఊరు ఉందని చెప్పాడు. నిజంగానే ఉంది. అది 2012లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఉన్న ‘బోరింగ్’ అనే ఊరితో జత కట్టింది. తర్వాత ఆస్ట్రేలియా నుంచి ‘బ్లాండ్’ కూడా వచ్చి కలిసింది. అంటే చప్పన! ఆ పేర్లకీ ఆ ఊళ్ల స్వభావానికీ సంబంధం లేదు. బోరింగ్ అనేది అక్కడ స్థిరపడిన ఒక మనిషి ఇంటిపేరు మాత్రమే.

హాస్టల్‌కి వెళ్తూ ఈ కబుర్లన్నీ చెబుదామని బాపుకి ఫోన్ చేశాను.

“ఎట్లున్నవ్ బాపూ?”

“ఏముంది బిడ్డా. మార్కెట్ డల్లుగున్నది.”

“సరే, తిన్నవా?”

“తింట తియ్.”

అంతే. ఒక నిమిషం కూడా కాలేదు. పొద్దుట్నుంచి నేను పోస్టుమార్టం చేసిన మాటనే బాపు నా చెవిలో వేశాడు. నేను మాత్రం పట్టించుకోకుండా ఫోన్ పెట్టేశాను.

*ఎర్రటి యార్డు*

మాది వరంగల్ ఎనుమాముల. ఆ పేరు వినగానే మా వైపు ఎవరికైనా వ్యవసాయ మార్కెట్టే గుర్తొస్తుంది. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని గొప్పగా చెప్పుకుంటాం. దసరా దాటితే పత్తి, సంక్రాంతి దాటితే మిర్చి, మధ్యలో పసుపు, మక్కలు, పల్లి. వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి బండ్లు కట్టుకుని వస్తారు. మిర్చి సీజన్‌లో ఆటో మా వాడకి దగ్గరవుతుండగానే తుమ్ములు మొదలవుతాయి. మాకైతే అలవాటే. చుట్టాలొస్తే ముందు రుమాలు ఇస్తాం.

బాపు ఆ మార్కెట్‌లో దడువాయి. అంటే కాంటా వేసే మనిషి. రైతు బస్తా దించుతాడు, ఖరీదుదారు ధర పెడతాడు, హమాలీలు బస్తా ఎత్తి కాంటా మీద పెడతారు, దడువాయి తూకం చూసి రాస్తాడు. ఆ రాసిన అంకెని బట్టే రైతు చేతికి డబ్బులొస్తాయి. నా చిన్నప్పటి నుంచీ బాపుది అదే పని. నా ఇంజినీరింగ్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో పోయింది కానీ, హాస్టల్ ఖర్చులూ, ల్యాప్‌టాపూ ఆ బస్తాల మీద వచ్చినవే.

‘మార్కెట్ డల్’ అనే మాట మా ఇంట్లో ఉప్పు, పప్పు లాంటిది. కొత్త బట్టలు వాయిదా పడితే మార్కెట్ డల్. అమ్మ చీటీ కట్టడం ఆలస్యమైతే మార్కెట్ డల్. మిర్చిలో కూడా డల్ ఉంటుంది. చపాట మిర్చి తెలుసు కదా, టమాటా మిర్చి అని కూడా అంటారు, 2025లో ‘వరంగల్ చపాట’ అని జీఐ గుర్తింపు కూడా వచ్చింది. దాని కారం తక్కువ, రంగు ఎక్కువ. దాని విలువంతా ఆ రంగులోనే ఉంది. ఎండ తగిలో తడి తగిలో రంగు తగ్గితే ‘కలర్ డల్’ అని ధర కోసేస్తారు. ఏడో తరగతితో చదువు ఆపేసిన బాపుకి ఈ మాటలో ఉన్న అన్ని అర్థాలూ తెలుసు.

నేను చెబుతున్నది 2025 ఫిబ్రవరి సంగతి. అంతకుముందు పత్తి సీజన్ నుంచే బాపు ఫోన్‌లో ‘డల్’ అంటున్నాడు. నాకది సబబుగానే అనిపించింది. ఆ సీజన్‌కి పొడుగు పింజ పత్తికి కేంద్రం పెట్టిన మద్దతు ధర క్వింటాకి 7,521 రూపాయలు. యార్డులో ప్రైవేటు ధర అంతకన్నా తక్కువ. దాంతో చాలామంది రైతులు సీసీఐ కొనే జిన్నింగ్ మిల్లులకే పత్తి తోలుకెళ్లారు. యార్డుకి బస్తాలు తగ్గితే దడువాయికి పని తగ్గుతుంది. మార్కెట్ డల్, బాపు డల్. లెక్క సరిపోయింది.

తర్వాత మిర్చి వచ్చింది. అప్పుడూ డల్లే అన్నాడు. అదీ నమ్మాను. ఎందుకంటే ఆ ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయిందని పేపర్ల నిండా వార్తలే. అంతకు ముందు ఇరవై వేల దాకా చూసిన తేజ మిర్చి పద్నాలుగు వేలకి అటూఇటూ అయింది. రైతులు రోడ్లెక్కారు. పక్కన ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యం పథకం ప్రకటించింది. ఇంత జరుగుతుంటే మార్కెట్ డల్ అనడంలో అనుమానం ఏముంటుంది?

ఆ రాత్రి హాస్టల్‌లో పడుకుని రీల్స్ చూస్తుంటే మా తమ్ముడు ఒక వీడియో పంపాడు. ‘అక్కా, మన యార్డు చూడు’ అని. సోమవారం పొద్దున తీసింది. శని, ఆదివారాలు సెలవు కాబట్టి సోమవారం సరుకు ఎక్కువే వస్తుంది. కానీ ఆ వీడియోలో నేల కనిపించడం లేదు. షెడ్ల కింద, షెడ్ల బయట, దారి పొడుగునా మిర్చి బస్తాలే. ఎర్రగా మెరిసిపోతున్నాయి.

చూస్తూ చూస్తూ లేచి కూర్చున్నాను. కోడ్‌లో ఒక్కోసారి రెండు లైన్లు విడివిడిగా కరెక్టే ఉంటాయి, కలిపి చదివితే తప్పు దొరుకుతుంది. అలా తట్టింది నాకు. ధర పడితే నష్టం రైతుకి. దడువాయికి ధరతో పని లేదు. ఆయనకి బస్తాకి ఇంత అని లెక్క. బస్తాలు ఎక్కువ వస్తే ఆయనకి పని ఎక్కువ, డబ్బులూ ఎక్కువ. యార్డు ఇలా నిండిపోయిన రోజున బాపుకి మార్కెట్ డల్ ఎలా అవుతుంది?

నాలుగు నెలలుగా ఆ మాటకి నేనే అర్థం చెప్పుకుంటున్నాను. పొద్దున మా లీడ్‌కి నా ‘డల్’ అర్థం కాలేదని నవ్వాను కదా. ఆయన తప్పుగా అర్థం చేసుకున్నా, అడిగాడు. నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాడు. నేను బాపుని ఆ మాత్రం కూడా అడగలేదు. ‘సరే, తిన్నవా?’ అన్నాను.

*“మార్కెట్ కాదు బిడ్డా”*

శుక్రవారం రాత్రి బస్సెక్కాను. సోమవారానికి సెలవు పెట్టాను. శని, ఆదివారాలు ఇంట్లో బాపుని గమనిస్తూ కూర్చున్నాను. పొద్దున నాలుగింటికే లేచి మంచం మీద కూర్చుంటున్నాడు. టీవీ పెడతాడు, చూడడు. అమ్మ కోడికూర వండితే రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. “ఎప్పటిసంది ఇట్లున్నడు?” అని అమ్మని అడిగితే, “దసరా పోయినప్పటి సంది జర డల్లయిండు” అంది. అమ్మ కూడా అదే మాట. ఇంటిల్లిపాదీ ఆ మాటని చూస్తున్నాం కానీ, దాని వెనకాల ఉన్న మనిషిని చూడడం లేదు.

సోమవారం పొద్దున బాపుతో పాటు నేనూ యార్డుకి వెళ్లాను. చిన్నప్పుడు సెలవుల్లో వెళ్లేదాన్ని, మళ్లీ ఇన్నేళ్లకి. ముక్కుకి చున్నీ కట్టుకుని బస్తాల మధ్య నడుస్తుంటే హమాలీలు గుర్తుపట్టి పలకరించారు. చాయ్ దుకాణం ఆయన నాకు చాయ్ ఇస్తూ మెల్లగా అన్నాడు: “మీ బాపు ఇప్పుడు సగం తాగి పెట్టేస్తుండు బిడ్డా. కాక పోయినకాడికెల్లి అంతే.”

కాక. బాపు జోడీ దడువాయి. ఇద్దరూ ఒకే ఏడాది పనిలో చేరారు. ఒక చాయ్‌ని రెండు గ్లాసుల్లో పోయించుకుని తాగేవాళ్లు. నా బీటెక్ రిజల్ట్ వచ్చిన రోజు మార్కెట్ అంతా స్వీట్లు పంచింది ఆయనే. దసరా తర్వాత ఒక రాత్రి నిద్రలోనే పోయాడు. నేను దినాలకి వచ్చి వెళ్లాను. బాపు ఏడవలేదు. మర్నాడు మామూలుగా పనికి పోయాడని అమ్మ చెబితే, ‘బాపు గట్టి మనిషి’ అనుకున్నాను.

వేపచెట్టు కింద బాపు పక్కన కూర్చున్నాను. ఎదురుగా బస్తాల వరుసలు కనుచూపు మేర ఉన్నాయి.

“ఇన్ని బస్తాలున్నయ్ గద బాపూ. మరి మార్కెట్ డల్ అంటివి?”

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నేల చూస్తూ అన్నాడు:

“మార్కెట్ కాదు బిడ్డా. నేనే.”

నేను ఊరుకున్నాను. ఇంకా చెబుతాడని అనిపించింది. చెప్పాడు.

“కాంటా మీద అంకె కనపడ్తది. రాయాల్నంటే చెయ్యి లేవది. అందరు మాట్లాడుతుంటరు, దూరంకెల్లి ఇనపడ్డట్టుంటది. మిర్చి ఎర్రగ కనపడ్తనే లేదు. ఏడుపు కూడ రాదు. వచ్చినా మంచిగుండు.”

డిక్షనరీలో నేను చదివిన అర్థాలన్నీ, కత్తి, రంగు, చప్పుడు, చురుకు, ఒక్కొక్కటే ఆయన నోట్లోంచి వచ్చాయి. ఒక్కటి మాత్రం డిక్షనరీలో లేదు. నాలుగు నెలలుగా ఎవరూ అడగకపోవడం.

డాక్టర్ దగ్గరికి పోదామంటే వెంటనే అన్నాడు: “నాకేం పిచ్చా?” ఆ మాట పుట్టుకలో పిచ్చి ఉందని నేను వారం కిందటే చదివి నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రాలేదు. మా బాపు లాంటి వాళ్లకి ‘డల్’ ఎందుకంత ఇష్టమో అప్పుడర్థమైంది. డిప్రెషన్ అంటే భయం. దిగులు అంటే సిగ్గు. డల్ అంటే ఏ బాధా లేదు. అది ఫ్యాన్‌కి వస్తుంది, లైట్‌కి వస్తుంది, మార్కెట్‌కి వస్తుంది, నాకూ వచ్చింది. ఎవరూ వేలెత్తి చూపరు. కానీ ఎవరూ ఆగి అడగరు కూడా.

“పిచ్చి కాదు బాపూ. నిద్ర వడ్తలేదని చెప్పుదాం” అన్నాను. నిద్రకైతే ఒప్పుకున్నాడు.

*రెండో ప్రశ్న*

వరంగల్‌లో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఏమైందని అడిగితే బాపు మళ్లీ అదే అన్నాడు: “డల్లుగుంటది సార్.” డాక్టర్ తలూపి అక్కడితో వదిలేయలేదు. “డల్ అంటే ఎట్లుంటది?” అని అడిగాడు. నిద్ర మధ్యలో లేస్తున్నావా? ఆకలవుతుందా? ఇంతకుముందు ఇష్టంగా చేసిన పని ఇప్పుడు చేయబుద్ధి అవుతుందా? బతికి ఏం లాభం అని ఎప్పుడైనా అనిపించిందా? ఆ చివరి ప్రశ్న అడిగినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. బాపు లేదన్నాడు. నిమ్మళంగా ఊపిరి పీల్చుకున్నాను.

డాక్టర్ నాకు విడమర్చి చెప్పాడు. మనసు బాగోకపోవడం అందరికీ ఉంటుంది, వస్తుంది, పోతుంది. కానీ ఆ దిగులో, దేని మీదా ఆసక్తి లేకపోవడమో రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతి రోజూ, రెండు వారాలు దాటి ఉంటే, నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే దాన్ని మూడ్ అని వదిలేయకూడదు, వైద్యం ఉన్న జబ్బుగా చూడాలి. మందులు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఆపేయొద్దు. మాట్లాడటం మందుతో పాటు కావాలి.

మనకి అంత దూరం వెళ్లే వీలు లేకపోతే, లేదా మొదటి మాట ఎవరితో చెప్పాలో తెలియకపోతే, టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది. నంబర్ 14416. 2022 అక్టోబర్‌లో మొదలైంది. ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. నా ఫోన్‌లో సేవ్ చేసుకున్నాను. మీరూ చేసుకోండి, మీకు కాకపోయినా పక్కవాళ్లకి పనికొస్తుంది.

బాపు వెంటనే మారిపోలేదు. మొదటి రెండు వారాలు మందులు దండగ అన్నాడు. ఒకసారి మానేశాడు కూడా, అమ్మ గొడవపడి మళ్లీ వేయించింది. మూడో వారమో నాలుగో వారమో ఒక రోజు తనే ఫోన్ చేశాడు. కాక గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. పాత త్రాసు కాంటా రోజుల్లో ఇద్దరూ చేసిన అల్లరి, వానలో బస్తాల మీద పరదాలు కప్పిన సంగతి, చాయ్ డబ్బుల కోసం పడ్డ పోట్లాటలు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. నేను ఆపమనలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక రూల్ ఉంది. డల్ అనే మాట నిషేధం కాదు. అది మంచి మాట, ఇన్నాళ్లు మనతో ఉంది, ఉండనీ. కానీ ఎవరైనా డల్ అంటే ఎదుటివాళ్లు ఒక్క ప్రశ్న ఎక్కువ అడగాలి. డల్ అంటే ఎట్లా? తమ్ముడు ‘ఇంటర్వ్యూ పోయింది’ అంటాడు. అమ్మ ‘మోకాళ్లు నొస్తున్నయ్’ అంటుంది. నేను కూడా ఆ సోమవారం ఎందుకు నిద్రపోలేదో ఒక రోజు నిజాయితీగా చెప్పాను. ఆఫీసులో వింటున్న లేఆఫ్‌ల పుకార్ల గురించి. బాపు అంతా విని, “ఉద్యోగం పోతే కాంటా నేర్పిస్త తియ్” అన్నాడు. చాలా నెలల తర్వాత ఆయన వేసిన మొదటి జోక్ అది.

హాస్టల్లో మా రూమ్‌మేట్‌ని కూడా అలా అడగడం మొదలుపెట్టాను. మొదటిసారి అడిగితే ‘ఏం లేదు’ అంది. రెండోసారి అడిగితే రాత్రి పన్నెండింటి దాకా మాట్లాడింది. మనం అనుకున్నంత కష్టం కాదు ఆ రెండో ప్రశ్న. కానీ అడిగాక ఫోన్ పక్కన పెట్టి వినాలి. అదొక్కటే కొంచెం కష్టం.

మొన్న మే నెలలో, మిర్చి సీజన్ అయిపోవచ్చాక, బాపుకి ఫోన్ చేశాను.

“ఎట్లున్నవ్ బాపూ?”

“డల్లుగున్నది బిడ్డా.”

“మార్కెట్ డల్లా, నువ్వు డల్లా?”

అటు నుంచి నవ్వు వినిపించింది.

“మార్కెట్టే బిడ్డా. బస్తాలు లెవ్వు. నేను మంచిగనే ఉన్న. చాయ్ తాగుతున్న, పూర్తిగ.”